హాల్ టికెట్టు అడుగు తెగిపోయిన రోజు

మా చెల్లికి పరీక్ష సెంటరు విశాఖపట్నంలో పడ్డాది. పరీక్ష ఆదివారం పొద్దున్న. శనివారం సాయంత్రం ఆమదాలవలస స్టేషన్ దగ్గర ఒక నెట్ షాపుకి ఎల్లి హాల్ టికెట్టు ప్రింటు తీయించేం. స్టేషన్ బోర్డు మీద శ్రీకాకుళం రోడ్ అని ఉంటాది గానీ, మనకి అది ఎప్పుడూ ఆమదాలవలసే. షాపులో జనం కిక్కిరిసి ఉన్నారు. కాయితం చేతికొచ్చింది, పేరు చూసేం, ఫొటో చూసేం, ఫైల్లో పెట్టేసేం. తెల్లారగట్ల రైలెక్కేం.

గేటు దగ్గర కాయితాలు చూసే ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, "అమ్మా, అడుగుభాగం ఏది? నువ్వు సంతకం పెట్టే గడి, మా వోల్లు పెట్టే గడి, రెండూ లేవు" అన్నాడు. నేను చూస్తే నిజమే. కాయితం కింద సగం గీత దగ్గర తెగిపోయి ఉన్నాది. ఎవరో కత్తెరతో కోసినట్టు. చెల్లి ముఖంలో రక్తం లేదు. ఆదివారం పొద్దున్న తెరిచున్న జిరాక్సు షాపు కోసం రెండు వీధులు పరిగెత్తేను. ఒకటి దొరికింది. ఆ షాపాయన నా ఫోన్లో ఫైలు తీసుకుని, కంప్యూటర్లో తెరిచి, ఏదో ఒక్క చోట నొక్కి, "ఇందాక నీకు తీసినోడు ఫిట్ సెయ్యనేదు బాబూ, ఇది లీగల్ సైజు కాయితం మీద తయారుసేసింది" అన్నాడు. గేటు మూసే ముందు తొమ్మిది నిమిషాలుండగా చెల్లి లోపలికి ఎల్లింది. పరీక్ష ఎలగ రాసిందని మాత్రం అడక్కండి.

ఆ "ఫిట్ సెయ్యనేదు" అన్న మాట నా బుర్రలోంచి పోలేదు. తర్వాత నేనే రెండేళ్లు ఒక జిరాక్సు షాపులో కూర్చున్నాను. అక్కడ తెలిసింది ఏటంటే, ఇది మా చెల్లి ఒక్కదాని గొడవ కాదని. వారానికి నలుగురైదుగురు ఇలగే తెగిపోయిన కాయితాలు పట్టుకుని వచ్చేవోరు. తప్పు షాపోడిదా, ఫైలుదా, ఫోనుదా అన్నది ఎవరికీ తెలీదు. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు పీడీఎఫ్ అంటే ఏటో చూద్దాం. మనం దాన్ని రాత అనుకుంటాం. కాదు, అది బొమ్మలాంటిది. అమెరికాలో అడోబీ కంపెనీ పెట్టినోల్లలో ఒకాయన జాన్ వార్నాక్ 1991లో ఒక ఆలోచన రాసేడు. ఒక కంప్యూటర్లో తయారుచేసిన కాయితం ఇంకో కంప్యూటర్లో, ఇంకో ప్రింటర్లో కూడా అచ్చం అలాగే రావాలని. అప్పట్లో ఒక చోట రాసింది ఇంకో చోట తెరిస్తే అక్షరాలు మారిపోయేవి, వరసలు చెదిరిపోయేవి. ఆ ఆలోచన 1993లో పీడీఎఫ్‌గా బయటికొచ్చింది. 2008లో అది అంతర్జాతీయ ప్రమాణం అయ్యింది, అంటే ఒక్క కంపెనీ సొత్తు కాకుండా పోయింది. ఎవరైనా దాన్ని చదివే సాఫ్టువేరు తయారుచేసుకోవచ్చు.

పీడీఎఫ్ లోపల "ఈ పేజీ ఇంత వెడల్పు, ఇంత పొడవు, ఎడమ నుంచి ఇంత, కింద నుంచి ఇంత దూరంలో ఈ అక్షరం ఆకారం పెట్టు" అని ఉంటాది. కొలత అంగుళంలో 72వ వంతు. ఆ లెక్కన ఏ4 కాయితం 595 కి 842. అంటే పేజీ సైజు ఫైలు పుట్టినప్పుడే ఖాయం అయిపోయింది. మనం పెట్టే కాయితం ఏటన్నది దానికి తెలీదు. ఏ4 అంటే 210 కి 297 మిల్లీమీటర్లు. లీగల్ అంటే 216 కి 356. తీసేయండి: పొడవులో 59 మిల్లీమీటర్లు. దగ్గర దగ్గర ఆరు సెంటీమీటర్లు. మా చెల్లి సంతకం గడి సరిగ్గా ఆ ఆరు సెంటీమీటర్లలో ఉన్నాది.

ఇప్పుడు బ్రౌజరు సంగతి. ఒకప్పుడు పీడీఎఫ్ తెరవాలంటే అడోబీ రీడర్ వేరేగా ఎక్కించుకోవాలి. నెట్ షాపుల్లో అది పాతబడిపోయి, ప్రతిసారీ అప్‌డేట్ అప్‌డేట్ అని ఏడిచేది. గూగుల్ క్రోమ్ 2010లో తన లోపలే పీడీఎఫ్ చూపించడం మొదలెట్టింది. ఫైర్‌ఫాక్స్ 2013 ఫిబ్రవరిలో, 19వ వెర్షన్‌తో, తన సొంత వ్యూయర్ పెట్టింది. అక్కడి నుంచి లింకు నొక్కితే చాలు, పేజీ కళ్లముందు. మంచిదే. కానీ బ్రౌజరు పీడీఎఫ్‌లో ఉన్న అన్ని సంగతులూ చెయ్యదు. చూపిస్తాది, అచ్చేస్తాది, గళ్లు నింపనిస్తాది. సంతకం అసలుదా కాదా అన్నది మాత్రం తేల్చదు. ఆ మాట కింద చెప్తాను.

ప్రింటు నొక్కగానే వచ్చే ఆ కిటికీని మనోల్లు చూడరు. షాపోడు కూడా చూడడు, వెనక పదిమంది నిలబడి ఉంటారు మరి. చూడాల్సింది అక్కడే. కుడిపక్కనో ఎడమపక్కనో పేజీ ఎలగొస్తాదో చిన్న బొమ్మ చూపిస్తాది. ఆ బొమ్మలో అడుగు తెగి ఉంటే కాయితం మీద కూడా తెగే వస్తాది. మోర్ సెట్టింగ్స్ అని ఉంటాది, అది నొక్కండి. అందులో పేపర్ సైజు ఏ4 అని ఉందా లేదా, చాలా కంప్యూటర్లలో అది లెటర్ అని ఉండిపోతాది, అది అమెరికా కాయితం, మన షాపుల్లో ఉండదు. దాని కింద స్కేల్. అక్కడ డిఫాల్ట్ అని ఉంటే మార్చి, ఫిట్ టు ప్రింటబుల్ ఏరియా పెట్టండి. అంటే, ప్రింటరు అచ్చెయ్యగలిగిన జాగాలోకి పేజీ మొత్తాన్ని కుదించమని. చాలా ప్రింటర్లు కాయితం అంచుల దాకా సిరా వెయ్యలేవు, చుట్టూ కొన్ని మిల్లీమీటర్లు వదిలేస్తాయి. ఫిట్ టు పేపర్ పెడితే ఆ అంచుల్లో ఉన్నది పోతాది. హాల్ టికెట్టుకి, సర్టిఫికెట్టుకి, అప్లికేషనుకి మొదటిదే మేలు. కొంచెం చిన్నదవుతాది, అవనీయండి. గడి ఉండాలి, అంతే కదా.

అలగని ప్రతిదానికీ ఫిట్ పెట్టేయకండి. షాపులో ఉన్నప్పుడు ఒక రైతు ఎఫ్ఎంబీ పట్టుకుని వచ్చేడు. మీభూమిలోంచి తీసిన పొలం గట్ల పటం. "బాబూ, దీన్ని స్కేలు పెట్టి కొలిస్తే నా గట్టు పక్కోడి కంటే తక్కువొస్తంది, ఇదేటి మోసం?" అని. మోసం కాదు, కుదింపు. అలాంటి పటంలో ఒక సెంటీమీటరు అంటే నేల మీద ఇరవై మీటర్లు అని లెక్క ఉంటాది అనుకోండి. ఫిట్ పెట్టి నూటికి తొంభై శాతానికి కుదిస్తే, కాయితం మీద సెంటీమీటరు నేల మీద ఇరవై రెండు మీటర్లు దాటిపోతాది. పటాన్ని కొలవాలంటే స్కేల్ దగ్గర కస్టమ్ పెట్టి 100 అని కొట్టాలి, అది పట్టే సైజు కాయితమూ ఉండాలి. నా మాటైతే అసలు స్కేలుతో కొలవొద్దు. గీతల పక్కన అంకెలు రాసుంటాయి, లింకుల్లోనో మీటర్లలోనో. ఆ అంకెలే సాక్ష్యం. ఆయనకి అదే చెప్పేను. ఆయన నమ్మలేదు, సర్వేయరు దగ్గరికే ఎల్లేడు.

తెలుగు విషయానికి వద్దాం, ఇక్కడ నాకు కోపం ఎక్కువ. నోటిఫికేషను తెలుగులో ఉంటాది. లిస్టు తెలుగులో ఉంటాది. రెండొందల పేజీల్లో మీ ఊరి పేరు వెతకాలి. కంట్రోల్ ఎఫ్ కొట్టి "ఆమదాలవలస" అని టైపు చేస్తే, దొరకలేదంటాది. కళ్లముందు పేజీలో ఉంటాది గానీ దొరకదు. ఎందుకంటే, ఇందాక చెప్పేను కదా, పీడీఎఫ్‌లో ఉండేది అక్షరాల ఆకారాలు. యూనికోడ్ లెక్కలో "శ్రీ" అంటే నాలుగు ముక్కలు: శ, పొల్లు, ర, గుడి దీర్ఘం. తెర మీద అది ఒక్క ఆకారం. ఏ ఆకారం ఏ ముక్కలకి సమానమో చెప్పే పట్టీ ఒకటి పీడీఎఫ్ లోపల ఉండాలి. అది సరిగ్గా ఉంటేనే వెతకడం, కాపీ చెయ్యడం అవుతాది. అను ఫాంట్ల లాంటి పాత పద్ధతిలో కొట్టిన తెలుగైతే, లోపల ఉన్నది తెలుగే కాదు. ఇంగ్లీషు అక్షరాల మీద తెలుగు ముసుగు. కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే పిచ్చి గీతలు వస్తాయి. ఇంకో రకం ఉన్నాది, కాయితం ప్రింటు తీసి, సంతకం పెట్టి, మళ్లీ స్కాన్ చేసి, వంకరగా ఎక్కించేది. అది పూర్తిగా ఫొటో. అందులో అక్షరం అనేదే లేదు.

ఇది చిన్న విషయం అనుకోకండి. ఓటర్ల జాబితా మీదే సుప్రీంకోర్టు దాకా ఎల్లింది. వెతకడానికి వీలున్న అక్షరాల రూపంలో జాబితా ఇవ్వాలని మధ్యప్రదేశ్ కాంగ్రెస్ నాయకుడు కమల్‌నాథ్ అడిగితే, 2018లో కోర్టు ఒప్పుకోలేదు, ఎన్నికల సంఘం బొమ్మ రూపంలో ఇస్తే చాలంది. అప్పుడు మనం ఏటి చెయ్యాలి? పేజీ పేజీ తిప్పి కళ్లతో వెతకాలి. కళ్లు కనబడని తమ్ముడో చెల్లో అయితే? ఆల్ల ఫోన్లో పైకి చదివి వినిపించే సాఫ్టువేరు ఉంటాది, అది ఫొటో పీడీఎఫ్ ముందు మూగదైపోతాది. వికలాంగుల హక్కుల చట్టం 2016లోనే వచ్చింది, ఎలక్ట్రానిక్ సమాచారం అందరికీ అందేలా ఉండాలని అందులో రాసుంది. టైపు చేసిన ఫైలు ఆఫీసు కంప్యూటర్లో ఎలాగూ ఉంటాది. దాన్ని నేరుగా పీడీఎఫ్ చేసి పెట్టడానికి స్కాన్ చేసినంత శ్రమ కూడా లేదు.

తెర మీద తెలుగు బాగానే ఉండి, ప్రింటులో మాత్రం డబ్బాలు డబ్బాలుగానో, ఒత్తులు ఊడిపోయో వస్తే, అది వేరే జబ్బు. బ్రౌజరు పంపిన ఆకారాలు ప్రింటరుకి సరిగ్గా అర్థం కాలేదన్నమాట. క్రోమ్ ప్రింటు కిటికీలో మోర్ సెట్టింగ్స్ కింద ప్రింట్ యాజ్ ఇమేజ్ అని ఉంటాది. అది టిక్ పెట్టండి. పేజీని ముందే బొమ్మగా మార్చి పంపిస్తాది, ప్రింటరు బుర్ర వాడక్కర్లేదు. కాస్త నెమ్మది, అంతే. షాపులో ఈ ఒక్క టిక్కుతో నేను పెద్ద మేధావినన్న పేరు తెచ్చుకున్నాను.

ఆధార్ పీడీఎఫ్ పాస్‌వర్డు దగ్గర ఎంతమంది తల పట్టుకుంటారో. ఆధార్ మీద పేరు ఎలగుందో అలగే, ఇంగ్లీషులో మొదటి నాలుగు అక్షరాలు, పెద్ద బడిలో, ఆ పక్కన పుట్టిన సంవత్సరం. సాయి కుమార్, 1990 అయితే ఎస్ ఏ ఐ కే 1990. మధ్యలో ఖాళీ లెక్కలోకి రాదు. పి చుక్క కుమార్ అయితే ఆ చుక్క కూడా ఒక అక్షరమే: పి, చుక్క, కే, యూ. మనలో చాలామందికి ఇంటిపేరు ముందుంటాది, కాబట్టి ఆ నాలుగూ ఇంటిపేరులోవే అవుతాయి. మనోల్లు పిలుపు పేరు కొట్టి, తప్పంటంది తప్పంటంది అని షాపోడి మీద అరుస్తారు.

మరి ఆ సంతకం. కుల ధ్రువీకరణ, ఆదాయం, ఈ-ఆధార్, వీటి మీద సంతకం జాగాలో పసుపు ప్రశ్నార్థకం వస్తాది. ఆఫీసులో గుమస్తా దాన్ని చూసి "ఇది చెల్లదు" అంటాడు. ప్రశ్నార్థకం అంటే దొంగ సంతకం అని కాదు. ఇంకా పరీక్షించలేదు అని. బ్రౌజరు దాన్ని పరీక్షించదు. కంప్యూటర్లో అడోబీ రీడర్‌లో తెరిచి, సంతకం మీద కుడి నొక్కు నొక్కి, వ్యాలిడేట్ సిగ్నేచర్ అనాలి. అప్పటికీ తెలీదంటే సిగ్నేచర్ ప్రాపర్టీస్‌లోకి ఎల్లి, సర్టిఫికెట్ చూసి, అది ఇచ్చినోల్లని నమ్ముతున్నామని ఒకసారి చెప్పాలి. మళ్లీ పరీక్షిస్తే పచ్చ టిక్కు పడతాది. అప్పుడు ప్రింటు తీయండి. అయితే ఒక మాట. డిజిటల్ సంతకానికి 2000 నాటి ఐటీ చట్టం చేతి సంతకంతో సమానమైన గుర్తింపు ఇచ్చింది గానీ, ఆ సంతకం ఫైల్లో ఉంటాది, కాయితం మీద ఉండేది దాని బొమ్మే. గుమస్తాకి నిజంగా అనుమానం ఉంటే కాయితం మీద ఉన్న నెంబరు పోర్టల్లో కొట్టి చూసుకోవాలి. మర్యాదగానే చెప్పండి, చూడమని. 2025 జనవరి నుంచి మన మిత్ర అని వాట్సాప్‌లోనే సర్టిఫికెట్లు పంపుతున్నారు కదా, ఈ ప్రశ్నార్థకం గొడవ ఇంకా పెరుగుతాది.

ఫోన్లో ఇంకో తంటా. చాలా ఫోన్లలో క్రోమ్ పీడీఎఫ్‌ని చూపించకుండా డౌన్‌లోడ్ చేసేస్తాది. అది ఎక్కడికి ఎల్లిందో తెలీక నాలుగైదుసార్లు నొక్కుతారు, నాలుగైదు కాపీలు పడతాయి. ఫైల్స్ యాప్‌లో డౌన్‌లోడ్స్ చూడండి, అక్కడే ఉంటాయి. షాపోడికి పంపేటప్పుడు ఫొటోలా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి. స్క్రీన్‌షాట్ తీసి పంపితే వాట్సాప్ దాన్ని నలిపేస్తాది, బార్‌కోడ్ గీతలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. రిజల్టు పేజీ లాంటివి పీడీఎఫ్‌గా రాకపోతే, ప్రింట్ నొక్కి, ప్రింటరు పేరు దగ్గర సేవ్ యాజ్ పీడీఎఫ్ ఎంచుకోండి. సర్వరు పడిపోయే లోపల మీ మార్కులు మీ ఫోన్లో ఉంటాయి. గళ్లు నింపిన ఫారం దించుకునేటప్పుడు క్రోమ్ అడుగుతాది, మార్పులతోనా, మార్పులు లేకుండానా అని. చూడకుండా నొక్కితే ఖాళీ ఫారం వస్తాది. గంట కష్టం పోతాది.

నోటిఫికేషను నలభై పేజీలుంటే నలభై తీయించక్కర్లేదు. పేజెస్ దగ్గర కస్టమ్ అని పెట్టి 3-5, 12 అని కొడితే ఆ నాలుగే వస్తాయి. సిలబసు ఎక్కడుందో ముందే ఫోన్లో చూసుకుని ఎల్లండి. షాపోల్లకి నా మీద కోపం రావొచ్చు గాక.

చివరాఖరికి, ఇది షాపులో కూర్చున్నోడిగా చెప్తున్నాను. మీరు పంపిన ఆధార్, మార్కుల లిస్టు, బ్యాంకు పుస్తకం, అన్నీ ఆ కంప్యూటర్లో డౌన్‌లోడ్స్ ఫోల్డర్లో ఉండిపోతాయి. నేను కూర్చున్న కుర్చీ ముందు వేల ఫైళ్లు ఉండేవి, నా ముందు పనిచేసినోడి కాలానివి కూడా. ఎవరూ దొంగిలించలేదు, నిజమే. ఎవరైనా దొంగిలించాలంటే అడ్డూ లేదు. 2022 మే 27న ఆధార్ సంస్థ బెంగుళూరు ఆఫీసు ఒక ప్రకటన ఇచ్చింది, నెట్ సెంటర్లలో ఈ-ఆధార్ దించుకోవద్దని, దించుకుంటే కాపీలన్నీ తుడిచేయమని. రెండ్రోజులకే ప్రభుత్వం దాన్ని వెనక్కి తీసుకుంది, జనం తప్పుగా అర్థం చేసుకుంటారని. ప్రకటన పోయింది గానీ ఫోల్డరు అలగే ఉన్నాది. ఇన్‌కాగ్నిటోలో తెరిచినా సరే, దించుకున్న ఫైలు చెరిగిపోదు.

కాబట్టి నేను ఇప్పుడు షాపుకి ఎల్తే, అవసరం ఉన్న చోటల్లా చివరి నాలుగంకెలే కనబడే మాస్క్‌డ్ ఆధారే పట్టుకెల్తాను. ప్రింటు అయ్యేక "అన్నా, ఆ ఫైలు ఒకసారి షిఫ్టు పట్టుకుని డిలీట్ కొట్టు" అంటాను. ఉత్త డిలీట్ అయితే రీసైకిల్ బిన్‌లోకి ఎల్తాది. షాపు మెయిల్‌కి పంపి ఉంటే అక్కడ కూడా తీయిస్తాను. వాట్సాప్ వెబ్‌లో నా ఫోన్ కలిపి ఉంటే లాగవుట్ చేసేకే లేస్తాను. మొదట్లో షాపాయన ముఖం అదోలా పెట్టేవోడు. ఇప్పుడు నేను అడక్కముందే కొట్టేస్తాడు. మా చెల్లి అయితే ప్రింటు చేతికిచ్చిన వెంటనే, పేరూ ఫొటో చూడదు. ముందు కాయితం అడుగు చూస్తాది.